మస్టరులో ఎక్కని పేర్లు
మన ప్రాంతంలో తొలి కార్ఖానా పనులు, వాటిలో ఆడవాళ్ల కష్టం

ప్రతి ఏడూ ఈ సంచికలో మనం ఎక్కువగా లెక్కలే రాసుకుంటాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, తిరిగి కట్టింది ఎంత, స్త్రీనిధి అప్పు ఎంత. అవి రాసుకోవాల్సినవే. ఈసారి ఆ లెక్కల పక్కన ఒక పాత లెక్క కూడా పెడుతున్నాం. మనకంటే ముందు ఈ ప్రాంతంలో ఆడవాళ్లు ఏయే కూలిపనులు చేశారు, ఆ పనుల్లో వాళ్ల పేరు ఎక్కడ రాశారు, ఎక్కడ రాయలేదు అన్నదే ఆ లెక్క.

నాట్లు, కలుపులు, కోతల సంగతి అందరికీ తెలుసు. కాని మన వైపు రైలు, బొగ్గు వచ్చి కూడా 130 ఏళ్లు దాటింది. తర్వాత మిల్లు వచ్చింది, తునికాకు వ్యాపారం వచ్చింది. వీటి గురించి రాసిన కాగితాల్లో కంపెనీ పేరు ఉంటుంది, దొర పేరు ఉంటుంది, ఎన్ని టన్నులు పోయిందో ఉంటుంది. తట్ట మోసిన మనిషి పేరు ఉండదు. ఆమె పని చేయక కాదు, ఎవరూ రాయక.

ముందు రైలుకట్ట

ఎర్రుపాలెం స్టేషన్ మీదుగా ఇప్పుడు రోజుకు ఎన్ని బండ్లు పోతున్నాయో లెక్కపెట్టలేం. ఈ దారి ఎందుకు పడిందో మాత్రం చాలామందికి తెలియదు. సికింద్రాబాదు నుంచి వాడి దాకా నిజాం రైలు 1874లోనే నడిచింది. తర్వాత దాన్ని వరంగల్లు దాకా, అక్కడి నుంచి డోర్నకల్ దాకా పెంచారు. డోర్నకల్ దగ్గర ఒక పాయ ఇల్లందు బొగ్గుబాయిల వైపు తిరిగింది. ఇంకో పాయ ఖమ్మం, మధిర, ఎర్రుపాలెం, కొండపల్లి మీదుగా బెజవాడ చేరింది. 1889 కల్లా బెజవాడ దారి తెరుచుకుంది. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన కూడా వచ్చాక దక్షిణాదికి దారి కలిసింది. అంటే మన ఊరి మీదుగా పోయిన ఈ దారి జనం కోసమే వేసింది కాదు, బొగ్గు పోవడానికి కూడా వేసింది.

రైలుకట్ట పోయాలంటే ముందు మట్టి కావాలి, తర్వాత కంకర కావాలి. అప్పుడు జేసీబీలు లేవు. గడ్డపార, పార, తట్ట, మనిషి తల, అంతే. దక్షిణాదిలో ఇలాంటి మట్టిపని, రాతిపని ఎక్కువగా చేసింది వడ్డెర కుటుంబాలు, ఊళ్లలో భూమి లేని కూలి కుటుంబాలు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పెద్ద పిల్లలు తట్టలకెత్తి కట్ట మీద పోసేవాళ్లు. కంకర కొట్టేటప్పుడు ఆలుమగలు ఇద్దరూ సుత్తి పట్టేవాళ్లు.

ఈ పనికి కూలి ఎట్లా లెక్కపెట్టేవాళ్లో చూడండి. తవ్విన గుంట మధ్యలో అక్కడక్కడా మట్టి దిమ్మలు కదిలించకుండా వదిలేవాళ్లు. ఆ దిమ్మ ఎత్తును బట్టి ఎంత లోతు తవ్వారో కొలిచి, ఇన్ని ఘనపుటడుగులకు ఇంత అని డబ్బు కట్టేవాళ్లు. ఆ డబ్బు కంట్రాక్టరు నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి ఇంటి పెద్దకు వచ్చేది. గుంట కొలత పుస్తకంలో ఎక్కింది, మేస్త్రీ పేరు ఎక్కింది. ఆ మట్టిని మోసిన ఆడమనిషి కొలతలో కలిసిపోయింది. సగం పని ఆమెదే అయినా, ఆమెకు వేరే కూలి అంటూ లేదు.

ఇది ఎప్పటిదో ముచ్చట అనుకోకండి. 2006లో మన జిల్లాలో ఉపాధి హామీ పని మొదలైనప్పుడు కూడా కొలత అదే, గుంట అదే. ఒక్క మార్పు వచ్చింది. మస్టరులో ప్రతి మనిషి పేరూ విడిగా రాయాలి అని చట్టంలో ఉంది. ఆ ఒక్క మార్పుతో ఆడవాళ్ల కూలి వాళ్ల ఖాతాలో పడే దారి ఏర్పడింది.

బొగ్గుబాయి

భద్రాచలం పోయే యాత్రికులు దారిలో వంట కోసం నల్లరాళ్లు పొయ్యి కింద పెడితే, ఆ రాళ్లే అంటుకున్నాయని మన వైపు ఒక కథ చెప్పుకుంటారు. కథలో నిజమెంతో గాని, కాగితం మీద ఉన్న సంగతి ఇది. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. ఆ పొరల్లో ఒకదానికి ఇప్పటికీ ఆయన పేరే, కింగ్ సీమ్. సింగరేణి అన్నది కారేపల్లి దగ్గరి ఊరు పేరు. ఊరు చిన్నదే గాని దాని పేరు మాత్రం పాత నాలుగు జిల్లాల బొగ్గుబాయిలకు నిలిచిపోయింది.

బొగ్గు తవ్వుకునే హక్కు 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే ఇంగ్లాండు కంపెనీకి పోయింది. ఆ కంపెనీ వాటాల అమ్మకంలో జరిగిన గోల్‌మాల్ మీద 1888లో లండన్ పార్లమెంటు విచారణ సంఘం వేసింది. మన అడవి కింది బొగ్గు ఇంకా సరిగా పైకి రాకముందే, దాని వాటాల మీద అక్కడ లక్షలు చేతులు మారాయన్నమాట. ఇల్లందులో బొగ్గు తీయడం 1889లో మొదలైంది. అప్పటిదాకా బెంగాలు నుంచో ఇంగ్లాండు నుంచో ఓడల్లో తెచ్చుకునే బొగ్గుతో నడిచిన దక్షిణాది రైళ్లకు సింగరేణి బొగ్గు దొరికింది. 1920 డిసెంబరు 23న కంపెనీ సింగరేణి కాలరీస్ అనే పేరుతో కొత్తగా ఏర్పడింది. తర్వాత కొత్తగూడెం, బెల్లంపల్లి వైపు బాయిలు పెరిగాయి.

బాయి లోపలి పని అప్పట్లో ఎట్లా ఉండేదంటే, బొగ్గు పొరలో గదుల్లాగా తొలుచుకుంటూ పోయి, పైకప్పు కూలకుండా మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలేవాళ్లు. పేల్చిన బొగ్గును తట్టా చెమ్మస్‌తో ఎత్తి టబ్బుల్లో నింపేవాళ్లు. పట్టాల మీద టబ్బును తోసో, తాడుతో లాగో పైకి తెచ్చేవాళ్లు. పైకి వచ్చాక ఇంకో పని మొదలయ్యేది. రాయిని బొగ్గును వేరు చేయాలి, చిన్న బొగ్గును పెద్ద బొగ్గును విడదీయాలి, వ్యాగన్లకు ఎత్తాలి, బూడిద మోయాలి, నీళ్లు మోయాలి. మన దేశంలో ఆ కాలపు గనుల్లో ఈ పైపని చాలావరకు ఆడవాళ్లదే. బెంగాలు, బీహారు గనుల్లోనైతే లోపల కూడా ఆడవాళ్లు ఉండేవాళ్లు. మొగుడు బొగ్గు కొడితే పెళ్లాం తట్టలో మోసేది. వాళ్లను అక్కడ కామిన్లు అనేవాళ్లు. లెక్క మళ్లీ టబ్బుల మీదే. ఎన్ని టబ్బులు నిండితే అంత డబ్బు, అది ఆ మొగమనిషి పేరు మీద.

లోపలికి రావద్దన్నారు, మరి బతుకెట్లా?

ఇంగ్లాండులో 1842లోనే ఆడవాళ్లను, 10 ఏళ్ల లోపు మగపిల్లలను గని లోపల పనికి పెట్టకూడదని చట్టం చేశారు. మన దేశంలో బ్రిటిష్ సర్కారు అదే మాట చెప్పడానికి ఇంకో 87 ఏళ్లు పట్టింది. 1929లో వచ్చిన నిబంధనల ప్రకారం బొగ్గు ఎక్కువగా తీసే రాష్ట్రాల్లో ఆడవాళ్లను ఒక్కసారిగా కాకుండా ఏటా కొంతమంది చొప్పున తగ్గిస్తూ పోయి, 1939 కల్లా పూర్తిగా ఆపాలి. అప్పటికి అక్కడి గనుల లోపల 20 వేలకు పైగా ఆడవాళ్లు ఉన్నారు. ఇది బ్రిటిష్ ఇండియా చట్టం. నిజాం రాజ్యానికి తన చట్టాలు వేరే. 1952లో స్వతంత్ర భారతం చేసిన గనుల చట్టంతో గని లోపలికి ఆడవాళ్లు రాకూడదన్న రూలు సింగరేణికి కూడా వచ్చింది. పైపనికైనా పొద్దున 6 నుంచి రాత్రి 7 లోపే.

ఈ నిషేధాన్ని తప్పు పట్టడం అంత సులువు కాదు. గని లోపల గాలి ఆడదు, కప్పు కూలుతుంది, వాయువు మండుతుంది. కడుపుతో ఉన్న మనిషి తట్టతో ఎక్కిదిగే చోటు కాదది. బయటికి పంపడం మంచికే అనుకోవచ్చు. అయితే పంపినవాళ్లు ఒక ప్రశ్న వేసుకోలేదు. ఆలుమగలు ఇద్దరూ కష్టపడితేనే నిండే టబ్బు, ఇప్పుడు ఒక్కడు నింపాలి. ఆ ఇంటికి తగ్గిన డబ్బు ఎవరిస్తారు? బయట ఆమెకు వేరే పని చూపించారా? గనిని బాగు చేయడం ఖర్చు, ఆడమనిషిని తీసేయడం తేలిక. తేలికైనదే ముందు జరిగింది.

యుద్ధం వచ్చాక సంగతి చూడండి. 1943లో బొగ్గు చాలక, మగకూలీలు దొరకక, అదే సర్కారు బెంగాలు, బీహారు వైపు గనుల్లోకి ఆడవాళ్లను మళ్లీ దింపింది. అవసరం తీరాక 1946లో మళ్లీ బయటికి పంపింది. ఆడవాళ్ల ఆరోగ్యం కోసం చేసిన రూలును బొగ్గు అవసరం కోసం పక్కన పెట్టొచ్చని అప్పుడు తేలిపోయింది. ఆ రోజుల్లో కార్మిక శాఖ చూసింది డాక్టర్ అంబేద్కర్. 1944లో శాసనసభలో దీని మీద గట్టి చర్చే జరిగింది. గనిలోకి దిగిన ఆడవాళ్లకు అదే పనికి మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలన్న సూత్రాన్ని ఒప్పించానని ఆయన ఆ సభలో చెప్పారు. మనం ఇప్పుడు సమాన పనికి సమాన వేతనం అంటున్న మాట అప్పుడే, గని లోపలి ఆడవాళ్ల పేరు మీద, సర్కారు నోటి నుంచి వచ్చింది.

2019 జనవరిలో కేంద్రం ఈ నిషేధాన్ని కొంత సడలించింది. సాంకేతిక పనులకు, పర్యవేక్షణ, మేనేజరు ఉద్యోగాలకు ఆడవాళ్లు గని లోపలికి దిగొచ్చంది, కొన్ని షరతుల మీద. ఇప్పుడు మైనింగ్ చదివిన మన ఆడపిల్లలు హెల్మెట్ పెట్టుకుని, రాతపూర్వకంగా ఒప్పుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికి పోతారు. పాతకాలపు తట్టకు ఈ సంతకానికి మధ్య ఉన్న దూరమే మనం చెప్పుకుంటున్న చరిత్ర.

రోకలి పోయి మిల్లు వచ్చింది

బొగ్గుబాయి కొంతమంది కథ. రైసుమిల్లు మాత్రం ప్రతి ఇంటి కథ. మన నాయనమ్మల కాలంలో వడ్లు దంచడం ఆడవాళ్ల పని. సొంత ఇంటికి ఊరికే, పెద్దిళ్లకు కూలికి. ఆ కూలి డబ్బుగా రాదు. నూకలు, తవుడు, కొంత బియ్యం ఇచ్చేవాళ్లు. తక్కువే కావచ్చు. అయితే ఎండాకాలంలో, పొలం పని లేనప్పుడు, ఆ నూకలతోనే జావ కాచి పిల్లలకు పోసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. భర్త చనిపోయినవాళ్లకు, పొలానికి పోలేని ముసలివాళ్లకు దంపుడే ఆధారం.

మిల్లు మర వచ్చాక దంపుడు పోయింది. రెక్కల నొప్పి తగ్గింది, అది ఎవరూ కాదనరు. దానితోపాటు ఆ నూకలూ పోయాయి. తవుడు మిల్లు యజమాని సొత్తు అయింది. ఈ నష్టం సంగతి పెద్దవాళ్లు కూడా గుర్తించారు. 1934లో గాంధీజీ పెట్టిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ముందుగా చేపట్టిన పనుల్లో దంపుడు బియ్యం ఒకటి. బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం తిని కోస్తా జిల్లాల్లో బెరిబెరి రోగం వస్తోందని అదే కాలంలో పరిశోధకులు రాశారు. 1958లో కేంద్రం రైసుమిల్లుల చట్టం చేసి, కొత్త మిల్లుకు లైసెన్సు ఇచ్చే ముందు ఆ ఊళ్లో దంపుళ్ల మీద బతికేవాళ్ల పని ఏమవుతుందో చూడాలంది. కాగితం మీద మంచి మాటే. మిల్లులు ఆగలేదు, 1997లో ఆ చట్టాన్నే తీసేశారు.

దంపుడు పోగొట్టుకున్న ఆడవాళ్లు మళ్లీ ఆ మిల్లు వాకిట్లోకే కూలికి పోయారు. వడ్లు ఎండబోయడం, తిరగబోయడం, చెరగడం, జల్లించడం, ఊడ్చడం. మిల్లు పనిలో ఒక తేడా గమనించండి. బస్తా మోసే హమాలీకి బస్తాకింత అని రేటు ఉంటుంది, వాళ్లకు సంఘం ఉంటుంది, సీజనుకు ముందు కూర్చుని రేటు మాట్లాడుకుంటారు. చాలా చోట్ల ఆడవాళ్ల పనికి రోజుకింత అనే తప్ప రేటు లేదు. ఎన్ని బస్తాలు ఎండబోశారో ఎవరూ లెక్కపెట్టరు. లెక్కలేని పనికి బేరం ఎట్లా ఆడతాం?

పత్తి మిల్లుల్లో ఇంకో రకం. పత్తి నొక్కే చోట దూది విప్పే యంత్రం నడుస్తుంటే అక్కడ ఆడవాళ్లను, పిల్లలను పెట్టకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. ప్రమాదం కాబట్టి మంచిదే. కాని దుమ్ములో కూర్చుని పత్తి ఏరి, గుడ్డి కాయలు తీసే పని ఆడవాళ్లకే వదిలారు. ఆ దుమ్ముకు దగ్గు వస్తే అది మిల్లు జబ్బు అని చెప్పడానికి, ఆమె ఆ మిల్లులో పని చేసినట్టు ముందు ఒక కాగితం ఉండాలి కదా.

తునికాకు కల్లం

అడవి అంచున ఉండే అక్కచెల్లెళ్లకు ఈ పని కొత్తగా చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే లేచి ఆకు తెంపి, ఇంటికి తెచ్చి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి, సాయంత్రానికి కల్లానికి తీసుకుపోవడం. 1000 కట్టలైతే ఒక ప్రమాణ సంచి. బీడీ కార్ఖానా ఎక్కడో నగరంలో ఉన్నా, దాని మొదటి మెట్టు మన అడవిలో, మన చేతుల్లో ఉంది.

ఒకప్పుడు కంట్రాక్టరు చెప్పిందే రేటు. నూటికి ఇన్ని కట్టలు కొసరు అని తీసుకునేవాళ్లు, ఆకు బాగాలేదని కట్టలు పక్కన పడేసేవాళ్లు. 1971లో మన రాష్ట్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారం మీద చట్టం చేసి బీడీ ఆకును సర్కారు చేతిలోకి తీసుకుంది. తర్వాత కాలంలో అమ్మకం మీద మిగిలిన ఆదాయాన్ని ఆకు తెంపినవాళ్లకే పంచే పద్ధతి వచ్చింది. ఇక్కడే అసలు సంగతి. ఆ డబ్బు కార్డు మీద ఎవరి పేరు ఉంటే వాళ్లకు వస్తుంది. ఆకు తెంపింది, కట్ట కట్టింది, మోసింది ఒకరైతే, కార్డు మీద పేరు ఇంకొకరిది అయిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో మన సంఘాల్లో మనమే అడిగి చూసుకుందాం.

పేరు రాస్తే ఏమొస్తుంది?

పేరు రాసుకుంటే కడుపు నిండుతుందా అని ఎవరైనా అడగొచ్చు. ఒక ఉదాహరణ చెప్తాం. 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజన చట్టం ప్రకారం కాన్పు సెలవుకు జీతం రావాలంటే, అంతకు ముందు 12 నెలల్లో కొన్ని రోజులు పని చేసి ఉండాలని పెట్టారు. మొదట అది 160 రోజులు, తర్వాత 80 రోజులకు తగ్గించారు. 80 రోజులు మనలో చాలామందికి ఒక సీజను పనే. కాని ఆ 80 రోజులకు రుజువు ఏది? మస్టరు లేకపోతే పని చేయనట్టే లెక్క. దెబ్బ తగిలినా అంతే, పింఛను అడిగినా అంతే, సమాన కూలి అడిగినా అంతే. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. కాని నువ్వు ఏ పని చేశావో రాసి లేకపోతే, ఎవరితో సమానమని అడుగుతావు?

రైలుకట్ట నుంచి కల్లం దాకా చూస్తే మనకు కనపడేది ఒకటే. ఆడవాళ్లు కార్ఖానా పనిలోకి కొత్తగా రాలేదు, మొదటి నుంచీ ఉన్నారు. కొలత గుంటకు పడింది, టబ్బుకు పడింది, బస్తాకు పడింది. మనిషికి పడలేదు. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్లదే నిలిచింది.

ఇప్పుడు మన చేతిలో పుస్తకం ఉంది. సంఘం మినిట్స్ పుస్తకం మనదే. వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపే గ్రామ సంఘాల్లో తూకం రాసేది, చిట్టీ ఇచ్చేది మన సభ్యులే. అందుకే రెండు పనులు పెట్టుకుందామని కోరుతున్నాం.

మొదటిది, మన కేంద్రాల్లో, మన సంఘాలు నడిపే చిన్న యూనిట్లలో పని చేసే ప్రతి ఆడమనిషి పేరు, పని, రోజులు, కూలి విడిగా రాయాలి. ఊడ్చే పని అయినా సరే, ఒక్క పూట అయినా సరే. కంట్రాక్టరు రాయలేదని బాధపడే మనం, మన పుస్తకంలో మన అక్కను వదిలేస్తే ఇక మాట్లాడే హక్కు ఉండదు.

రెండోది, ప్రతి గ్రామ సంఘం తమ ఊళ్లో 70 ఏళ్లు దాటిన అమ్మమ్మలను, నాయనమ్మలను కూర్చోబెట్టి అడగాలి. ఏ మిల్లుకు పోయావు, ఏ కట్ట మీద మట్టి మోశావు, ఏ కల్లంలో ఆకు వేశావు, రోజుకు ఎంత ఇచ్చారు, డబ్బు ఎవరి చేతికి వచ్చింది, వేలిముద్ర ఎవరు వేశారు. చెప్పింది చెప్పినట్టు రాయండి, భాష దిద్దకండి. పేరు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వచ్చే ఏడు ఈ సంచికలో పొదుపు లెక్కల పక్కన ఆ పేజీలు కూడా వేద్దాం. కంపెనీల చరిత్ర కంపెనీలు రాసుకున్నాయి. మన కష్టం లెక్క మనమే రాసుకోవాలి, అదీ ఆ పెద్దవాళ్లు మన మధ్య ఉన్నప్పుడే.